ఫెయిలైనవాళ్ళకు మాత్రమే

పోయిన నెల నిజామాబాదులో మా కాలేజీవాళ్ళు నన్ను పిలిచి, శాలువా కప్పి, నా ఎదుటే నా మీద ఒక అబద్ధం చెప్పారు. మైకు పట్టుకున్న అమ్మాయి తప్పేమీ లేదు, పాపం, చేతికి రాసిచ్చిందే చదివింది. "లింబాద్రి మెమోరియల్ స్కాలర్‌షిప్‌ను తన అసాధారణ ప్రతిభతో మొట్టమొదట సాధించిన పూర్వ విద్యార్థి" అని నన్ను పరిచయం చేసింది. హాలంతా చప్పట్లు. ముందు వరసలో మా ఆవిడ, ఇన్నేళ్ళ కాపురంలో నాలో ఎక్కడా కనిపించని ప్రతిభ ఎవరికి కనిపించిందా అని చుట్టూ చూస్తోంది. నా వంతు వచ్చినప్పుడు లేచి ఉన్నమాట చెప్పేశాను. "ఆ స్కాలర్‌షిప్పు నాకు ప్రతిభకు ఇవ్వలేదు. కెమిస్ట్రీలో ఫెయిలయ్యాను, అందుకిచ్చారు" అన్నాను. పిల్లలు ఘొల్లున నవ్వారు. ఆ తర్వాత ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. మా అబ్బాయి కంటే చిన్నవాడైన ప్రిన్సిపాల్ మైకు అందుకుని, "చూశారా, ఇదీ పెద్దవాళ్ళ వినయం!" అని వాళ్ళకు నీతి బోధించాడు. ఒకప్పుడు ఫెయిలైన సంగతి దాచుకోవడానికి నేను పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. ఫెయిలయ్యాను మొర్రో అంటే నమ్మేవాడు లేని రోజు వస్తుందని మాత్రం ఊహించలేదు.

సభ అయ్యాక ఆయన తన గదిలో కూచోబెట్టి, చాయ్ ఇచ్చి, అసలు సంగతి మెల్లగా బయటపెట్టాడు. "సర్, పాత నిబంధన చూశాం. ఫెయిలైన విద్యార్థికే ఇవ్వాలని ఉంది. ఎందుకలా పెట్టారో తెలియదు గానీ, కొన్నేళ్ళుగా ఎవరూ అప్లయ్ చేయడం లేదు. ఫెయిలయ్యానని రాసి సంతకం పెట్టాలంటే ఎవరు ముందుకొస్తారు సర్? అందుకని ఫస్ట్ ర్యాంకుకి మార్చేద్దామనుకుంటున్నాం. పాత కమిటీలో మిగిలింది మీరొక్కరే. మీరు సరే అంటే చాలు" అన్నాడు. మంచివాడే. మాటలో మర్యాద ఉంది, చెప్పిన కారణంలో న్యాయమూ ఉంది. ఆలోచించి చెబుతానన్నాను. ఆలోచించడానికి నాకు తెలిసిన పద్ధతి కూచుని రాయడమొకటే, అది కూడా ఉన్న విషయం వదిలేసి ఎక్కడో మొదలుపెట్టి రాయడం.

మాది బోధన్ పక్కన కాలవ కింద క్యాంపు. కృష్ణ ఒడ్డున ఉన్న కాస్త పొలం అమ్ముకుని వచ్చి, ఇక్కడ చెరుకు వేసిన కుటుంబాల్లో మాదొకటి. మేం వచ్చి ఎన్నేళ్ళయినా ఇంట్లో మా అమ్మ కృష్ణ ఒడ్డునే ఉండేది. వాకిట్లో గోంగూర వేసింది. ఆవకాయకు ఊరి నుంచే కారం తెప్పించేది. మేం బయట ఆడుకుని వచ్చి "తొక్కు వెయ్యి" అంటే, "పచ్చడి అని ఏడవలేవూ, తొక్కితే వచ్చేది కాదు అది" అని కసిరి, అనాల్సిన విధంగా అనేదాకా వేసేది కాదు. నాన్న పొద్దున్నే కాలవకు వెళ్ళి నీళ్ళు చూసుకుని వచ్చి, అరుగు మీద కూచుని పేపరు పైకి చదివేవాడు. వినేవాళ్ళున్నారా లేదా అన్నది ఆయనకు పట్టదు. చెరుకాడే కాలం వస్తే చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి తీపీ పులుపూ కలిసిన మడ్డి వాసన వచ్చి ఇంట్లో అన్నిటికీ పట్టేది. ఆరేసిన బట్టలకి, తోడేసిన పెరుగుకి, ఆఖరికి దేవుడి గూట్లో అగరొత్తులకి కూడా. చెరుకు బండ్లు రోడ్డు పొడుగునా బారులు తీరేవి. ఎడ్ల మెడలో గంటల చప్పుడుకు మేం నిద్రలేచేవాళ్ళం. ఆ మడ్డి వాసన ఇప్పుడు ఎక్కడైనా ముక్కుకు తగిలితే నాకు ఆకలేస్తుంది. మా ఆవిడకు తలనొప్పి వస్తుంది.

అమ్మ పచ్చడి పాఠాల వల్లా, నాన్న పేపరు చదువు వల్లా నాకొక గట్టి నమ్మకం కుదిరింది. తెలుగంటే మా ఇంట్లో మాట్లాడేదే. చుట్టూ ఉన్నవాళ్ళంతా దాన్ని పాడుచేస్తున్నారు. బాగుచేసే భారం నా మీద ఉంది. ఈ భారం మోసుకునే నిజామాబాదులో పి.యు.సి.లో చేరాను. చేరిన కొన్నాళ్ళకే కాలేజీలో తెలుగు సాహిత్య సంఘానికి కార్యదర్శినయ్యాను. పోటీకి ఎవరూ నిలబడలేదు. అది నా గొప్పతనానికి వాళ్ళు ఇచ్చిన మర్యాద అనుకున్నాను. మెడలో కండువా వేసుకునేవాణ్ణి. ఎండాకాలం కూడా.

ఖిల్లా కింద ఒక సందులో ముగ్గురం కలిసి ఒక గదిలో ఉండేవాళ్ళం. కిటికీ తీస్తే గంజ్ మార్కెట్టు నుంచి పసుపు వాసన వచ్చేది. నేనూ, మొయినూ, లింబాద్రీ. మొయిన్‌వాళ్ళు బోధన్‌లో తరతరాలుగా ఉన్నవాళ్ళు. వాళ్ళ నాన్న తాళాలు, గడియారాలు బాగుచేసేవాడు. మొయిన్ అంతదాకా ఉర్దూలో చదివి, మా బ్యాచికి తెలుగు తప్పనిసరి కావడంతో కొత్తగా అక్షరాలు దిద్దుకుంటున్నాడు. ఇంతకంటే మంచి శిష్యుడు నాకెక్కడ దొరుకుతాడు? నేను వాడి తెలుగులో ఉర్దూ మాటలు ఏరే పనిలో పడ్డాను. బజారు అనకూడదు, అంగడి అనాలి. కుర్చీ అనకూడదు, ఆసనం అనాలి. జేబు అనకూడదన్నాను కాని, దానికి బదులు ఏమనాలో నాకే తెలియక ఆ వారమంతా జేబు ఊసెత్తలేదు. "జరూర్ అనొద్దంటివి, తప్పకుండా అనమంటివి. అండ్లనే మల్ల తప్పున్నది గద భాయ్?" అని వాడు అమాయకంగా మొహం పెట్టి అడిగేవాడు. వాడు నన్ను ఆటపట్టిస్తున్నాడని నాకు అర్థమవడానికి చాలాకాలం పట్టింది. పట్టినంతకాలం హాయిగానే ఉన్నాను.

లింబాద్రి మా ఇద్దరి కంటే పెద్దవాడు. కాలేజీలో అందరికంటే పెద్దవాడు. కొందరు లెక్చరర్లకు కూడా వాణ్ణి "అన్నా" అని పిలవాలనిపించేదని నా అనుమానం. రుద్రూరు వ్యవసాయ ఫారం దాటి లోపలికి పోతే వచ్చే పల్లె వాళ్ళది. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి నర్సవ్వ బీడీలు చేసి చదివిస్తోంది. వాడి ఇంగ్లీషు మీద దండయాత్రలు కాలేజీలో అందరికీ తెలిసినవే. మార్చిలో రాసేవాడు, సెప్టెంబరులో రాసేవాడు, మళ్ళీ మార్చి వచ్చేది. మిగతా సబ్జెక్టులన్నీ ఎప్పుడో గట్టెక్కాయి. ఇంగ్లీషు ఒక్కటి వాణ్ణి విడవలేదు, వాడూ దాన్ని విడవలేదు. ఊరి నుంచి వచ్చేటప్పుడు జొన్నరొట్టెలూ పల్లి తొక్కూ మూటగట్టి తెచ్చేవాడు. ఆ తొక్కును నేను పచ్చడి అనే తినేవాణ్ణి, కాని తినడంలో వాళ్ళిద్దరికీ ఏమాత్రం తీసిపోయేవాణ్ణి కాదు. గది ఊడ్చేది వాడు. ఎవరికి జ్వరమొచ్చినా తలదగ్గర కూచునేది వాడు. కొత్తగా ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలకు గదులు వెతికిపెట్టేదీ వాడే.

మా గదికి ఒక ఆచారం ఉండేది, అది లింబాద్రి పెట్టిందే. ఫలితాల రోజున బస్టాండు దగ్గర పేపరు కొని, నంబరు వెతుక్కుని, లేదని తేల్చుకున్నాక ఎదురుగా హోటల్లోకి నడిచేవాడు. "నా నంబరు దొర్కలే. అందరికి చాయ్ తే" అనేవాడు సర్వరుతో. మామూలుగా పాసైనవాడు కదా తాగించాలి అని మొదటిసారి నేను ధర్మసందేహం లేవదీశాను. "పాసైనోడు ఖుషీల ఉంటడు తమ్మీ, వానికి చాయ్ రుచేం తెలుస్తది? ఒక్కడే కూసుండలేక తాపిచ్చేటోడు ఫెయిలైనోడు" అన్నాడు లింబాద్రి. అందరం నవ్వి తాగాం. ఆ మాటలో ఏముందో ఆలోచించే వయసు కాదు మాది. తెలుగును ఉద్ధరించే వయసు.

ఆ చలికాలంలో వాడికి జ్వరం తగిలింది. మామూలు జ్వరమే అనుకున్నాం. మొయిన్ వాళ్ళ హకీము దగ్గర మందు తెచ్చాడు. నేను ధైర్యం చెబుతూ ఉపన్యాసమిచ్చాను. జ్వరం తలకెక్కి మాట తడబడటం మొదలయ్యాక ఆసుపత్రిలో చేర్చాం, ఊరికి కబురు పంపాం. నర్సవ్వ వచ్చి ఆ మంచం పక్క నేల మీద కూచుంది, మళ్ళీ వాణ్ణి తీసుకుపోయేటప్పుడే లేచింది. మేం రోజూ సాయంత్రం వెళ్ళి, రొట్టె ఇచ్చి, తలుపు దగ్గర నిలబడి వచ్చేవాళ్ళం. లోపలికి వెళ్ళి ఆమెతో మాట్లాడే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది. వాడు కళ్ళు తెరవకుండానే పోయాడు. ఆ తర్వాత చాలా రోజులు గది ఎవరూ ఊడవలేదు.

వాడి పేరు మీద ఏదైనా చెయ్యాలన్న ఆలోచన నాదా, మొయిన్‌దా అని ఇప్పుడడిగితే చెప్పలేను. అప్పుడు మాత్రం నాదేనని అందరికీ చెప్పాను. పిల్లలం, లెక్చరర్లు, కొందరు చెరుకు రైతులు తలా కొంచెం వేసుకుని బ్యాంకులో వేశాం. ఏడాదికి ఒకరిద్దరు విద్యార్థులకు సాయం చెయ్యవచ్చని తేలింది. అప్పటి ప్రిన్సిపాల్ గారు, "బాగుంది. కాని తల్లి ఒప్పుకోవాలి. ఆవిడ దగ్గర ఫోటో ఉంటే తీసుకురండి, హాల్లో పెడదాం" అన్నారు. ఈ పనికి నన్ను మించినవాడు ఎవడున్నాడు? పేరు అప్పటికే సిద్ధం చేసుకున్నాను: లింబాద్రి స్మారక విద్యార్థి వేతనము. చివరి 'ము' ఉండాలా వద్దా అని సాహిత్య సంఘంలో ఒక సాయంత్రమంతా చర్చ నడిపాను. ఉండాలని నేనే తీర్మానించాను.

ఆదివారం బోధన్ రైలెక్కి, అక్కడ కిరాయికి సైకిళ్ళు తీసుకుని, నేనూ మొయినూ బయల్దేరాం. దారంతా చెరుకు బండ్లు. నేను పెదవులు కదుపుతూ ఉపన్యాసం వల్లె వేసుకుంటున్నాను. మొయిన్ వెనక నుంచి బండ్లవాళ్ళనడిగి చెరుకు గడలు లాక్కుని నములుతూ వస్తున్నాడు. నర్సవ్వ వాకిట్లో గోడకానుకుని బీడీలు చేస్తోంది. ఒళ్ళో చాట, చాటలో తునికాకు ముక్కలు, ఒక పక్క పొగాకు పొడి. ఆకు చేతిలోకి తీసుకోవడం, పొగాకు వెయ్యడం, చుట్టడం, దారం కట్టడం చూడకుండానే జరిగిపోతున్నాయి. "రాండ్రి బిడ్డా, కూసోండ్రి" అంది. మంచినీళ్ళిచ్చి మళ్ళీ చాట ముందు కూచుంది. నేను కూచోలేదు. ఉపన్యాసం కూచుని ఇచ్చేది కాదు కదా. కండువా సర్దుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

"అమ్మా! దివంగతుడైన మీ కుమారుని స్మారకం నెలకొల్పాలని మేమందరం సంకల్పించాం."

ఆమె చెయ్యి ఆగిపోయింది. సగం చుట్టిన బీడీ విడిపోయి పొగాకు చాటలో రాలింది.

"ఏంది?" అంది.

"స్మారకం అమ్మా" అన్నాను, వినబడలేదేమోనని ఇంకాస్త గట్టిగా. "మీ అబ్బాయి స్మారకం."

"అది రాలే గద బిడ్డా" అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. "డాక్టరు సారు దినాం గదే మాటనె. స్మారకం లేదమ్మా, స్మారకం రావాలమ్మా అనె. గదేంది సారూ అంటే సోయి అన్నడు. నేను పొద్దుగాల లేస్తే ఒచ్చిందా అని అడుగుడు, పొద్దుమూకితే ఒచ్చిందా అని అడుగుడు. రాలే. ఇప్పుడు మీరు గూడ గదే మాట పట్టుకొచ్చిండ్రా?"

ఆ డాక్టరుది మా వైపే. మా ఇంటి తెలుగే మాట్లాడతాడు. ఒళ్ళు తెలియకుండా పడివున్న మనిషి గురించి ఏమనాలో అదే అన్నాడు. ఎవరూ తప్పు మాట ఏదీ అనలేదు. ఆ తల్లికి మాత్రం ఆ మాటకు ఒక్కటే అర్థం, అది కొడుకు మంచం పక్కన నేర్చుకున్నది. దాన్ని నేను కండువా వేసుకుని మరీ మోసుకొచ్చి వాకిట్లో నిలబెట్టాను. సర్దుకుందామని ఇంకో మాట వెతికాను. సంస్మరణార్థం అన్నాను. ఆమె అలాగే చూస్తోంది. స్మృతి చిహ్నంగా అన్నాను. కంగారులో మనిషికి నేల మీద కాలానదు. ఇంకా పైకి పైకి ఎక్కిపోతున్నాను, ఆమె కళ్ళలోంచి నీళ్ళు మాత్రం కిందికి కారుతున్నాయి.

మొయిన్ చెరుకుగడ పక్కన పెట్టి, ఆమె ముందు గొంతుక్కూచున్నాడు. "యాది, అవ్వా" అన్నాడు. "లింబన్న యాది. మాకెవ్వలకు ఆయన మర్సిపోవద్దని, ఆయన పేరు మీద ఒక పోరనికి సదువుకు సాయం జేస్తమంటున్నం. గంతే."

ఆమె వాడి మొహంలోకి చూసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "యాదికా? గట్ల జెప్పుండ్రి మరి. యాదంటె నాకెర్క లేదా? గీ పిలగాడు ఏందేందో మాట్లాడవట్టె, పానం గుబ్బుమన్నది" అంది.

యాది. వాడి నోట్లోంచి నేను ఏరిపారేసిన ఉర్దూ మాటల్లో అది కూడా ఒకటి. తెలుగు నిండా తెలుగే ఉండాలని నేను ఊడ్చి బయట పోసినదాంట్లో ఆ తల్లికి కావలసిన ఒకే ఒక్క తెలుగు మాట ఉంది. ఆ రోజు నుంచి నేను ఎవరి మాటా దిద్దలేదని చెబితే గొప్పగా ఉంటుంది కాని, నిజం కాదు. ఆ నెలకు మాత్రం దిద్దలేదు.

కుదుటపడ్డాక నర్సవ్వ అడిగింది. "మరి ఎవలికిస్తరు?"

"ఫస్టు వచ్చినవాడికి అవ్వా" అన్నాను. ఈసారి చిన్న మాటల్లోనే.

ఆమె నవ్వింది. కన్నీళ్ళు ఇంకా ఆరలేదు, వాటి మీదనే నవ్వు వచ్చింది. "మా లింబని పేరు మీదనా? ఫస్టు ఒచ్చినోనికా? వాడు ఎన్నడన్న ఫస్టు ఒచ్చిండా బిడ్డా? గా ఫస్టోనికి మావోడు ఏమైతడు? పేరు మావోనిది, పిలగాడు ఇంకెవల తీరో. అది యాదెట్లైతది?" మళ్ళీ ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది. "ఫెయిలైనోనికి ఇయ్యుండ్రి. పాసైనోనికి అందరిస్తరు. వాళ్ళ బాపు సైకిలు కొనిస్తడు, సుట్టాలు మిఠాయి పెడ్తరు. ఫెయిలైనోనికి ఇంట్ల బువ్వ సుత సక్కగ పెట్టరు. ఇచ్చేముందుగాల వాన్ని నా తానికి తోల్కరాండ్రి. ఒక్కపూట నా చేతి బువ్వ తిని పోవాలె. గట్లయితేనే ఫోటో ఇస్త."

ప్రిన్సిపాల్ గారికి ఈ సంగతి చెబితే ముందు నవ్వారు, తర్వాత కోప్పడ్డారు. "ఫెయిలైనవాళ్ళకు స్కాలర్‌షిప్పా? కాలేజీ పరువేం కావాలి?" అన్నారు. ఫోటో రాదన్నాం. లింబాద్రి లేకుండా లింబాద్రి పేరెలా పెడతామని మొయిన్ అడిగాడు. ఆయన కిటికీ బయటికి చూస్తూ కూచుని, "మా రోజుల్లో ఇట్లాంటిది ఒకటి ఉంటేనా..." అని ఆగిపోయారు. ఆ వాక్యం పూర్తి చెయ్యమని అడిగేంత ధైర్యం మాకు లేదు. ఒక కమిటీ వేసి, నన్ను దానికి కార్యదర్శిని చేసి, నిబంధన రాయమని అప్పగించారు. "పరీక్షలో తప్పి, మళ్ళీ రాయడానికి సిద్ధపడిన విద్యార్థికి" అని రాశాను. పేరు లింబన్న యాది అయింది. చివర 'ము' లేదు. ఆ తర్వాత ఎప్పుడో ఏ గుమాస్తా చేతిలోనో అది మెమోరియల్‌గా మారింది.

ఇంతా చేసి, ఆ మార్చిలో మొదటి హక్కుదారు ఎవడా అని కమిటీ కార్యదర్శి హోదాలో నేను ఆసక్తిగా ఎదురుచూశాను. ఫలితాలొచ్చిన రోజు బస్టాండు దగ్గర పేపరు విప్పితే మొయిన్ నంబరుంది, నాది లేదు. ఏడాదంతా వక్తృత్వ పోటీలకు తిరిగినవాణ్ణి. కెమిస్ట్రీలో హైడ్రోజన్ ఎలా తయారుచేస్తారని అడిగితే హైడ్రోజన్ గొప్పతనం గురించి రాసి వచ్చాను. అయినా నేను ఫెయిలవడమేమిటి? "అచ్చుతప్పు పడింది" అన్నాను మొయిన్‌తో. "అచ్చుతప్పు గాదు భాయ్. అచ్చంగ నీ తప్పు" అన్నాడు. నా శిష్యుడి తెలుగు ఎంత బాగుపడిందో మెచ్చుకునే స్థితిలో లేను. చాయ్ తాగించే సంగతి కూడా మరిచిపోయి, దొరికిన బస్సెక్కి క్యాంపుకు పారిపోయాను.

ఇంట్లో ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నాన్న ఆ రోజు పేపరు పైకి చదవలేదు. మడిచి అరుగు మీద పెట్టి, దాని మీద కళ్ళజోడు పెట్టి పొలానికి పోయాడు. అమ్మ అన్నం వడ్డించి, ఏం కావాలని అడక్కుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. పక్కింటివాళ్ళు వచ్చి ఏమైందని అడిగితే, "ఎండ దెబ్బ తగిలింది వాడికి" అని చెప్పింది. కొన్నాళ్ళకు నాన్న, "చదువు సంగతి తేలిపోయిందిగా. రేపట్నుంచి చెరుక్కి నీళ్ళు పెట్టు" అన్నాడు, నా వైపు చూడకుండా. ఆయన అంతటితో వదిలేసుకున్నాడు నన్ను. నేనూ వదిలేసుకున్నాను. పగలంతా చెరుకు తోటలో మనుషులు కనపడని చోట కూచునేవాణ్ణి. పి.యు.సి. తప్పినవాడికి ఈ లోకంలో ఇంకేమీ మిగల్లేదని నిజంగా నమ్మాను. ఎంత చిన్నవాడినో, ఎంత మూర్ఖుణ్ణో ఇప్పుడు నవ్వుకోవచ్చు. అప్పుడు ఆ నమ్మకంలో నవ్వే చోటు లేదు.

ఆ తోటలోకే సైకిలు తోసుకుంటూ వచ్చాడు మొయిన్. "చాయ్ తాపియ్యకుంట ఉరికొస్తివి. సర్లే. లింబన్న యాదికి హక్కుదారు దొరికిండు" అన్నాడు. ఎవరన్నాను. వాడు నన్నే ఎగాదిగా చూశాడు. "నేనా? నేను కార్యదర్శిని!" అన్నాను. "అయితేంది? పరీక్షల తప్పి, మల్ల రాయడానికి సిద్ధపడినోడు. నిబంధన నువ్వు రాసిందే గద భాయ్" అన్నాడు. సిద్ధపడలేదని అరిచాను. "సిద్ధపడుడు తర్వాత. ముందుగాల తిందాం పా, అవ్వ పొయ్యి మీద పెట్టింది" అని నన్ను సైకిలు మీద ఎక్కించుకున్నాడు.

నర్సవ్వ పళ్ళెంలో వేడి రొట్టె వేసి, పచ్చిపులుసు, తొక్కు ముందు పెట్టింది. "ఏంట్ల ఫెయిలైనవ్?" అంది, ఏ ఊరని అడిగినట్టు. కెమిస్ట్రీ అన్నాను. "మావోనిది ఇంగ్లీసు. దేంట్ల అయితేంది, తిను" అంది. అంతే. ఎందుకు తప్పావనలేదు. ఈసారి బాగా చదువనలేదు. ఇంటి దగ్గర ఎండ దెబ్బ అని చెప్పుకుంటున్న సంగతిని ఆమె నా పళ్ళెం పక్కన ఉప్పుగల్లులా పెట్టి మరిచిపోయింది. మొదటి రొట్టె తలొంచుకుని తిన్నాను. ఆ తర్వాత తలెత్తాను. "తొక్కు వెయ్యవ్వా" అన్నాను. మొయిన్ నా వైపు చూసి ఏమీ అనలేదు. జీవితంలో వాడు చేసిన ఉపకారాల్లో అదొకటి. వాడు పోయి కొన్నేళ్ళయింది. ఇలాంటివి రాసినప్పుడు, సరిగా రాశానా అని అడగడానికి మనిషి లేడనిపిస్తుంది.

ఇప్పుడు ఫలితాలు ఫోన్లోనే వస్తున్నాయి. బస్టాండుకు పోనక్కర్లేదు, ఎదురుగా హోటలు లేదు, పక్కన నిలబడి అచ్చంగా నీ తప్పనే స్నేహితుడూ లేడు. పిల్లవాడు గదిలో తలుపేసుకుని ఒక్కడే చూసుకుంటాడు. పాసైనవాళ్ళ ఫోటోలు కూడళ్ళలో ఫ్లెక్సీల మీద వేస్తారు, ఫెయిలైనవాళ్ళ ఫోటోలు మర్నాడు పేపర్లో లోపలి పేజీల్లో వస్తాయి. ఫలితాలొచ్చిన మర్నాడు పేపరు తెరవాలంటే నాకు భయం. మా మనవరాలు ఇంటరు రాసిన ఏడాది, వాళ్ళమ్మ కంటే ముందు నేను ఆ పిల్ల గది గడియ ఊడదీయించాను. నన్ను అందరూ పిచ్చివాణ్ణన్నారు. ఆ కాలం మంచిది, ఈ కాలం చెడ్డది అనను. ఆ కాలంలో మా ఇంట్లోనూ నేను ఎండ దెబ్బ తగిలినవాణ్ణే. నర్సవ్వ ఉంది కాబట్టి బతికిపోయాను. ప్రిన్సిపాల్ గారూ, మీరడిగినదానికి ఆలోచించి చెబుతానన్నాను కదా. నాకు తోచిన జవాబు నాది కాదు, ఆమెది.

సెప్టెంబరులో మళ్ళీ రాశాను. ఈసారి హైడ్రోజన్‌ను పొగడలేదు. పాసయ్యాను. నాన్న పేపరు పైకి చదివాడు, నా నంబరుతో సహా. మర్నాడే నర్సవ్వ దగ్గరికి బయల్దేరాను. నిజం చెప్పాలంటే, పొద్దున ఇంట్లో ఏమీ తినకుండా బయల్దేరాను, ఆ చేతి రొట్టె మీద ఆశతో. దారిలో ఒక చిన్న ఉపన్యాసం కూడా అనుకున్నాను, అలవాటు ఎక్కడికి పోతుంది. ఆమె వాకిట్లో అక్కడే, చాట ముందు. "అవ్వా, పాసైన" అన్నాను. నా నోటికి ఆ మాట అలా వచ్చినందుకు నాకే ఆశ్చర్యమేసింది.

"మంచిగైంది బిడ్డా" అంది. పొగాకు చేతిని కొంగుకు తుడుచుకుని నా తల మీద పెట్టింది. తర్వాత మెడ చాచి నా వెనక దారి వైపు చూసింది.

"ఒక్కనివే ఒచ్చినవా?"

"అవునవ్వా."

"మరి ఈసారి ఫెయిలైనోడేడి?"

ఇంకా ఎవరూ దరఖాస్తు పెట్టుకోలేదని, నోటీసు అతికించామని, ఎవరైనా వచ్చి అడిగితే కమిటీలో చూస్తామని కార్యదర్శిలా చెప్పాను.

"అడిగెతందుకు వాడెట్లొస్తడు బిడ్డా?" అంది నర్సవ్వ. "సిగ్గుతోని ఏ మూలకో పండుకోని ఉంటడు. నువ్వు ఫెయిలైనోనివేనాయె, వాడు ఏడుంటడో నీకెర్క గాదా? బువ్వ ఎటు పోదు. ముందుగాల పోయి వాన్ని తోల్కరా పో, ఇద్దరు కల్సి తిందురు."